గర్భసంచి తీసేముందు ఒక్కసారి పరీక్ష బల్ల ఎక్కించండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో స్త్రీల వైద్యాన్ని నడిపే ఆరోగ్య అధికారులకు, గైనకాలజిస్టులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

తెల్లబట్ట. జారిన గర్భసంచి. దగ్గినా తుమ్మినా కారే మూత్రం. కాన్పులో చిరిగి సరిగా అతకని కుట్టు. ఈ బాధలతో వచ్చే స్త్రీకి మన ఆసుపత్రుల్లో ఏం దొరుకుతోంది, ఏం దొరకాలి అన్నదే ఈ లేఖ. ఇవే సంగతులు అర్జీగా రాసి ఇచ్చాం. రసీదు ముద్ర పడింది, జవాబు రాలేదు. గుర్తుచేస్తూ ఇంకోసారి ఇచ్చినా అంతే. అందుకని ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాం. మీరు రోజూ ఎంత ఓపీ చూస్తారో, ఎంత ఒత్తిడిలో పనిచేస్తారో మాకు తెలుసు. మీ పక్కనే నిలబడి పనిచేసేవాళ్లమే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ఇది. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.3 మంది. తెలంగాణలో 8.2. ఆంధ్రప్రదేశ్‌లో 8.7. దేశంలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. ఆపరేషన్ అయిన ఈ స్త్రీలలో సగం మందికి ఆపరేషన్ నాటికి 35 ఏళ్లు నిండలేదు. 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు, అనవసరంగా గర్భసంచి తీయడాన్ని ఆపేందుకు కేంద్రం 2022లో తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది.

ఈ లెక్క చూసి డబ్బాశ అని ఒక్క మాటలో తేల్చేస్తుంటారు. అది సగం నిజమే. మిగతా సగం మేం రోజూ చూస్తున్నాం: ఆపరేషన్‌కు ముందు దొరకాల్సిన వైద్యం ఏదీ ఆ స్త్రీకి దగ్గరలో లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ, మందుల షాపు, ఆ తర్వాత నేరుగా ఆపరేషన్ థియేటర్. మధ్యలో మెట్లే లేవు. ఆ మెట్లు ఏమిటో ఒక్కొక్కటిగా చెప్తాం.

1. చూడకుండానే చెప్పేస్తున్నారు.

నడుం నొప్పి, తెల్లబట్ట అని వచ్చినామెను చాలాచోట్ల పరీక్ష బల్ల ఎక్కించడం లేదు. స్కానింగ్ రాసి పంపుతున్నారు. రిపోర్టులో "గర్భాశయం కాస్త పెద్దదిగా ఉంది" అని ఒక వాక్యం వస్తుంది. ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కన్న స్త్రీ గర్భసంచి, కాన్పే కాని స్త్రీ గర్భసంచి కంటే కాస్త పెద్దగానే ఉంటుంది. అది జబ్బు కాదు. కానీ ఆ వాక్యం ఇంటికి చేరేసరికి "సంచి వాచిపోయిందట" అవుతుంది.

ఇంతకన్నా హాని చేసే మాట ఇంకొకటి ఉంది: "మూతి దగ్గర పుండు పడింది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది." గర్భసంచి మూతి లోపలి పొర కొద్దిగా బయటికి తిరిగితే అక్కడ ఎర్రగా కనిపిస్తుంది. గర్భిణుల్లో, వయసులో ఉన్న ఆడవాళ్లలో, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో ఇది మామూలు. పుండు కాదు. క్యాన్సర్‌కు మొదటి మెట్టూ కాదు. మూతి మీద కనిపించే చిన్న చిన్న నీటి బుడగలూ అంతే, వాటికి వైద్యమే అక్కర్లేదు. అనుమానం తీర్చుకోవడానికి ఖరీదైన యంత్రాలు కూడా అవసరం లేదు. 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లంలో ముంచిన దూదిని మూతికి అద్ది, ఒక నిమిషం ఆగి, మంచి వెలుతురులో చూడాలి. అంచు స్పష్టంగా ఉన్న దట్టమైన తెల్ల మచ్చ తేలితే పై ఆసుపత్రికి పంపాలి. 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు ఐదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలని క్యాన్సర్ పరీక్షల జాతీయ కార్యక్రమమే చెప్తోంది. చేయని పరీక్ష పేరు చెప్పి, క్యాన్సర్ అన్న మాటతో భయపెట్టి సంతకం తీసుకోవడం వైద్యం కాదు.

ఇక గర్భసంచి జారిందా లేదా అన్నది మామూలు స్కానింగ్‌లో తేలదు. కంటితో చూడాలి. మూత్రం పోసి రమ్మని, పడుకోబెట్టి, గట్టిగా దగ్గమని, ముక్కమని చెప్పి చూడాలి. సిమ్స్ స్పెక్యులమ్ అనే పరికరంతో యోని వెనక గోడను వెనక్కి పట్టుకుని ముందు గోడను చూడాలి. తర్వాత తిప్పి, ముందు గోడను ఆపి వెనక గోడను చూడాలి. అప్పుడు తెలుస్తుంది జారింది మూత్రసంచా, గర్భసంచా, పురీషనాళమా అని. మూడింటికీ వైద్యం వేరు. పొద్దున పడుకోబెట్టి చూస్తే ఏమీ కనిపించకపోవచ్చు. సాయంత్రం దాకా నాట్లు వేసి, తట్ట మోసి వచ్చాక బయటికి దిగుతుంది. ఆమె "జారుతోందమ్మా" అంటుంటే మనకు కనిపించలేదని తోసేయకుండా, నిలబెట్టి చూడాలి.

ఇదంతా పది నిమిషాల పని. కావలసింది తెర, వంచుకోగలిగే లైటు, ఎక్కడానికి మెట్టున్న బల్ల, పక్కన ఒక ఆడమనిషి. చేయి వేసే ముందు "అమ్మా, ఇప్పుడు పరీక్ష చేస్తాను, నొప్పి అనిపిస్తే చెప్పండి, ఆపేస్తాను" అన్న మాట. కొన్ని కేంద్రాల్లో ఆ బల్ల మీద మందుల అట్టపెట్టెలు, పాత రిజిస్టర్లు ఉంటున్నాయి. వాటిని దించడానికి బడ్జెట్ అక్కర్లేదు.

2. తెల్లబట్టకు అందరికీ ఒకే మందు.

అసలు తెల్లబట్టంతా జబ్బు కాదన్న మాట ముందు చెప్పాలి. నెల మధ్యలో గుడ్డులోని తెల్లసొనలా జిగటగా అవ్వడం, ముట్టుకు ముందు చిక్కగా ఎక్కువగా అవ్వడం ఒంటి ధర్మం. వాసన లేక, దురద లేక, మంట లేకపోతే మందు వేయకూడదు. "ఎముకలు కరిగి పోతున్నాయి" అన్న భయంతో వచ్చేవాళ్లకు ఈ ఒక్క మాట చెప్పి పంపగలిగితే అదే వైద్యం.

జబ్బు అయినప్పుడు మూడు రకాలు ఎక్కువగా చూస్తాం. పలచగా, బూడిద రంగులో, చేపల వాసనతో వచ్చేది ఒకటి. పెరుగు తరకల్లా ఉండి విపరీతంగా దురద పెట్టేది రెండోది, అది బూజు జాతి. పచ్చగా నురగలు నురగలుగా, మంటతో వచ్చేది మూడోది, ట్రైకోమోనాస్ అనే క్రిమి వల్ల. యోనికి సహజంగా పుల్లటి గుణం ఉంటుంది, పుల్లదనాన్ని కొలిచే పీహెచ్ లెక్కలో 3.8 నుంచి 4.5 వరకు. పక్క గోడ నుంచి దూదిపుల్లతో తీసి పీహెచ్ కాగితానికి అద్దితే బూజులో మామూలుగానే ఉంటుంది, మిగతా రెండింట్లో 4.5 దాటుతుంది. ముట్టు రక్తం, వీర్యం కలిస్తే లెక్క తప్పుతుంది, అది చూసుకోవాలి. అదే నమూనా మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ఒక చుక్క వేస్తే చేపల వాసన గుప్పుమంటుంది, మొదటి రకం అయితే. ఒక కాగితం, ఒక చుక్క. ఇవి కూడా చాలా ఆరోగ్య కేంద్రాల్లో లేవు.

లేనిచోట లైంగిక వ్యాధుల జాతీయ కార్యక్రమం ఇచ్చే ఆకుపచ్చ కిట్ ఉంది: సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లూకొనజోల్ 150 మిల్లీగ్రాములు. ల్యాబ్ లేని ఊళ్లో అది మంచి ఏర్పాటే, దాన్ని తప్పుపట్టడం లేదు. చూడకుండా, అడగకుండా, అదే కిట్ అదే మనిషికి మూడోసారీ నాలుగోసారీ ఇవ్వడం తప్పు. ట్రైకోమోనాస్ అయితే భర్తకూ మందు వేయకపోతే మళ్లీ వస్తుంది. బూజు పదేపదే వస్తుంటే షుగర్ చూడాలి. గర్భిణికి ఫ్లూకొనజోల్ మాత్ర ఇవ్వకూడదు, లోపల పెట్టే క్లోట్రిమజోల్ బిళ్లలు ఇవ్వాలి. పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉండి, పరీక్షలో మూతిని కదిలిస్తే ప్రాణం పోయినట్టు అరిచిందంటే అది తెల్లబట్ట కేసు కాదు, లోపల గొట్టాల దాకా పాకిన ఇన్‌ఫెక్షన్. దాని మందులు వేరు, ఆలస్యమైతే పిల్లలు పుట్టే అవకాశమే పోతుంది.

తగ్గలేదని ఆ స్త్రీ ఏం చేస్తోంది? డెట్టాల్ నీళ్లతో లోపల కడుగుతోంది. సబ్బు, నిమ్మరసం వాడుతోంది. దాంతో లోపల కాపుకాసే మంచి బ్యాక్టీరియా చచ్చి జబ్బు ఇంకా పెరుగుతోంది. బయట మామూలు నీళ్లు చాలు, లోపల ఏదీ పోయకూడదు అని చెప్పేవాళ్లు లేరు. చివరికి "ఎన్ని మందులు వాడినా తగ్గడం లేదు, సంచి తీసేస్తే పీడ పోతుంది" అన్న మాట దగ్గరికి వస్తుంది. ఈ తెల్లబట్ట వచ్చేది యోని లోంచి. గర్భసంచి తీసేసినా యోని అక్కడే ఉంటుంది. జబ్బూ ఉంటుంది.

3. రింగ్ అనే వస్తువు ఉందని ఆడవాళ్లకు తెలియదు, మన స్టోర్లలో అది లేదు.

పెసరీ అంటారు. లూప్ కాదు, పిల్లలు పుట్టకుండా వేసేది కాదు. మెత్తటి సిలికాన్ ఉంగరం. జారుతున్న గర్భసంచిని, మూత్రసంచిని లోపల నుంచి ఆపి ఉంచుతుంది. ఆపరేషన్‌కు ఒళ్లు తట్టుకోని ముసలమ్మకు, ఇంకా పిల్లలు కావాలనుకునే ఆమెకు, కోతలయ్యేదాకా మంచం ఎక్కలేని కూలి మనిషికి, ఆపరేషనే వద్దనుకునే ఎవరికైనా ఇది మొదటి వైద్యం కావాలి. నెలల బాధ ఒక్క పూటలో తేలికపడే వైద్యాలు మన వృత్తిలో ఎక్కువ లేవు. ఇది అందులో ఒకటి.

వేసే పద్ధతి తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి వివరంగా రాస్తున్నాం. మూత్రం పోసి రావాలి. పరీక్ష చేసేటప్పుడు మధ్యవేలిని మూతి వెనక గుంట దాకా పోనిచ్చి, ముందున్న ఎముక చూపుడువేలికి ఎక్కడ తగిలిందో గుర్తుపెట్టుకోవాలి. ఆ దూరమే సుమారుగా రింగ్ సైజు. ఎక్కువమందికి 60 నుంచి 80 మిల్లీమీటర్ల మధ్య సరిపోతుంది. రింగ్‌ను అర్ధచంద్రంలా మడిచి, ముందు అంచుకు జెల్లీ రాసి, వెనక్కీ కిందికీ పోనివ్వాలి. లోపలికి వెళ్లాక విచ్చుకుంటుంది. వెనక అంచు మూతి వెనక, ముందు అంచు ఎముక వెనక కూర్చోవాలి. అప్పుడు రింగ్‌కూ గోడకూ మధ్య చుట్టూరా ఒక వేలు తిరగాలి. వేలు దూరకపోతే పెద్దదయింది: నొప్పి పెడుతుంది, మూత్రం ఆగిపోవచ్చు, గోడ ఒరుసుకుంటుంది. వదులుగా ఉంటే దొడ్డికి కూర్చోగానే జారి పడిపోతుంది.

అక్కడితో అయిపోలేదు. లేచి నిలబడమనాలి, దగ్గమనాలి, గొంతుక్కూర్చోమనాలి, వరండాలో ఇరవై నిమిషాలు నడవమనాలి. మూత్రం పోసి రమ్మనాలి. పోయడం సాఫీగా ఉండి, రింగ్ ఉన్నట్టే తెలియడం లేదంటేనే ఇంటికి పంపాలి. తెలుస్తోందంటే సైజు తప్పింది, మార్చాలి. మొదటిసారే సరిగ్గా కుదరకపోవడం మామూలు. అందుకే ఒక్క సైజు తెచ్చిపెట్టి "ఆమెకు రింగ్ పడలేదు" అని రాసేయడం అన్యాయం.

ఒకటి రెండు వారాల్లో తిరిగి చూడాలి. తనే తీసి పెట్టుకోగల స్త్రీకి అది నేర్పాలి: వారానికోసారి రాత్రి తీసి, సబ్బు నీళ్లతో కడిగి, పొద్దున పెట్టుకోవచ్చు. భర్తతో కలిసేటప్పుడు తీసుకోవచ్చు, మామూలు ఉంగరం రకమైతే ఉంచుకున్నా ఇబ్బంది లేదు. ఈ సంగతి వాళ్లు అడగలేరు, మనమే చెప్పాలి. తీసుకోలేనివాళ్లను మూడు నెలలకోసారి పిలిచి, తీసి, కడిగి, స్పెక్యులమ్‌తో గోడలు చూసి పెట్టాలి. ముట్లు ఆగినవాళ్లకు ఈస్ట్రియాల్ అనే హార్మోన్ క్రీము లోపల రాస్తే గోడ ఒరుసుకోదు. రక్తపు చుక్క కనిపిస్తే రింగ్ తీసి, రెండు మూడు వారాలు క్రీము వాడి, మానాక చిన్న సైజు చూడాలి. మానకపోతే, లేక మళ్లీ మళ్లీ వస్తే ముక్క పరీక్షకు (బయాప్సీ) పంపాలి.

రింగ్‌తో నిజమైన ప్రమాదం ఒకటే, మర్చిపోవడం. ఏళ్ల తరబడి లోపలే ఉండిపోతే గోడలోకి దిగి, మూత్రసంచికో పురీషనాళానికో రంధ్రం పడుతుంది. దానికి భయపడి రింగే మానేశారు కొందరు. పిల్లల టీకాల తేదీలు ఇంటింటికీ తిరిగి గుర్తుచేసే ఏఎన్ఎంలు, ఆశాలు మనకున్నారు. ఆ రిజిస్టర్‌లో ఇంకొక పేజీ, ఆమె చేతిలో తేదీలు రాసిన ఒక కార్డు. పరిష్కారం అంతే.

రింగ్ నిలవనివాళ్లుంటారు, పూర్తిగా బయటికొచ్చి పుండ్లు పడినవాళ్లుంటారు. వాళ్లకు ఆపరేషన్ కావాలి. కానీ జారడానికి కారణం గర్భసంచి కాదు, దాన్ని పట్టి ఉంచే బంధనాలు సాగిపోవడం. సంచి తీసేసి, పైభాగాన్ని తిరిగి గట్టి బంధనానికి బిగించకుండా కుట్టేస్తే కొన్నేళ్లకు యోని పైభాగమే కిందికి దిగుతుంది. రెండో ఆపరేషన్ మొదటిదానికంటే కష్టం.

4. బిగించే వ్యాయామం, కాగితం మీద రాసి పంపితే రాదు.

"కెగెల్స్ చేసుకోండి" అని చీటీ మీద రాస్తున్నారు, అంటే యోని, మూత్రద్వారం చుట్టూ ఉన్న కండరాలను బిగించి వదలడం. అంతే. మాటతో చెప్తే చాలామంది బిగించాల్సిందిపోయి కిందికి ముక్కుతారు. అలా చేస్తే జారేది ఇంకా జారుతుంది. పిరుదులు, తొడలు బిగిస్తే ఉపయోగం లేదు. సరిగ్గా నేర్పాలంటే, ఆమె ఒప్పుకుంటే, ఒక వేలు లోపల ఉంచి "అమ్మా, గ్యాస్ బయటికి పోకుండా ఆపుకున్నట్టు, మూత్రం ఆపుకున్నట్టు బిగించి లోపలికి లాగండి" అనాలి. వేలి చుట్టూ బిగిసి పైకి లాగినట్టు తెలియాలి. పొట్ట ఉబ్బకూడదు, ఊపిరి బిగపట్టకూడదు. వేలు బయటికి తోస్తోందంటే ముక్కుతోందన్నమాట, ఆపి మళ్లీ నేర్పాలి.

మొదట్లో మూడు నుంచి ఐదు సెకన్లు పట్టి, అంతసేపూ వదలాలి. వదలడమూ వ్యాయామమే. క్రమంగా పది సెకన్ల దాకా తేవాలి. ఒక విడతకు 8 నుంచి 12 సార్లు, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు. దానికి తోడు టకటకా పది సార్లు బిగించి వదలడం. మూత్రం మధ్యలో ఆపి చూడటం కండరం ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒకసారి చాలు. రోజూ అలా చేస్తే మూత్రసంచి పూర్తిగా ఖాళీ కాదు. దగ్గు వస్తోందనగానే, బిందె ఎత్తబోయే ముందు, ఒక్కసారి బిగించి ఆ తర్వాత దగ్గడం, ఎత్తడం అలవాటు చేయాలి. దగ్గితే మూత్రం కారేవాళ్లకు ఇదే మొదటి వైద్యం, ఇది చేయించి చూడకుండా ఆపరేషన్ మాట ఎత్తకూడదు. నొప్పితో, బిగుసుకుపోయిన కండరాలతో వచ్చిన స్త్రీకి మాత్రం బిగించడం నేర్పకూడదు. ఆమెకు వదలడం నేర్పాలి. చూడకుండా రాసే చీటీ ఇక్కడా హాని చేస్తుంది.

మూత్రం కారుతోందని నీళ్లు మానేస్తున్నారు. పొలంలో, బీడీలు చుట్టేచోట, బట్టల షాపుల్లో నిలబడి పనిచేసేచోట మరుగుదొడ్డి లేక పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లతో గడుపుతున్నారు. చిక్కబడిన మూత్రం మంట పుట్టిస్తుంది, ఇన్‌ఫెక్షన్ తెస్తుంది, మూత్రానికి ఆత్రం పెంచుతుంది. మూడు రోజుల పాటు ఎప్పుడు తాగారు, ఎప్పుడు పోశారు, ఎప్పుడు కారింది అని గీతలు పెట్టిస్తే చాలు, అది దగ్గితే కారే రకమా, ఆత్రం ఆగని రకమా సగం తేలిపోతుంది. చదువు రానివాళ్లూ గీతలు పెట్టగలరు.

మన ఏరియా ఆసుపత్రుల్లో ఫిజియోథెరపిస్టు ఉన్నచోట కూడా మోకాళ్లు, పక్షవాతం, నడుం నొప్పి వరకే. స్త్రీల ఓపీకీ ఆ గదికీ మధ్య దారి లేదు.

5. ఈ బాధలు చాలావరకు మన కాన్పు గదుల్లోనే మొదలవుతున్నాయి.

గర్భసంచి మూతి పూర్తిగా తెరుచుకోకముందే "ముక్కు, ముక్కు" అనడం. బిడ్డ త్వరగా రావాలని పైనుంచి పొట్ట నొక్కడం. ఇది చేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. మొదటి కాన్పు అంటే చాలు, అవసరం ఉన్నా లేకున్నా కోత పెట్టడం కూడా వద్దన్నారు. రెండూ నడుస్తూనే ఉన్నాయి.

కాన్పయ్యాక చేయాల్సిన ఒక చిన్న పని మాత్రం జరగడం లేదు. మాయ పడ్డాక, కుట్లు వేసే ముందు, ఆమెకు చెప్పి, గ్లవ్ వేసుకున్న వేలిని మలద్వారంలో ఉంచి, బొటనవేలితో ముందు నుంచి పట్టి చూడాలి. బిగువుగా ఉండాల్సిన కండరం తెగి ఉంటే అక్కడ పలచగా, ఖాళీగా తెలుస్తుంది. బయటికి చిన్న చిరుగులా కనిపించినా లోపల ఆ కండరం తెగి ఉండొచ్చు. అప్పుడే గుర్తిస్తే ఆపరేషన్ థియేటర్‌లో, మంచి లైటు కింద, మత్తిచ్చి, పొరలు పొరలుగా కుట్టవచ్చు. గుర్తించకుండా పైచర్మం కుట్టేస్తే ఆమెకు గ్యాస్ ఆగదు, పలచటి విరేచనం ఆగదు. ఇరవై రెండేళ్ల పిల్ల ఇది ఎవరికి చెప్తుంది? పెళ్లిళ్లకు పోదు, బస్సెక్కదు, గుడికి పోదు. కుట్లు మానాయా అని ఆరు వారాలకు అడుగుతున్నాం. "గ్యాస్ ఆపుకోగలుగుతున్నావామ్మా" అని అడగడం లేదు.

6. గర్భసంచి పోయాక మిగిలేది.

అండాశయాలు ఉంచినా ముట్లాగే దశ కొంత ముందే వస్తుంది. వాటినీ తీసేస్తే ఆ రోజే వస్తుంది: ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బుల ముప్పు. ముప్పై రెండేళ్లకు ఆపరేషన్ అయిన మిరప కోత కూలీ నలభై ఏళ్లకే వంగలేక పనికి పోలేకపోతే, ఆ ఇంటి ఆదాయంలో సగం పోయినట్టే. ఆపరేషన్‌కు తెచ్చిన అప్పు వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. లోపల పొడిబారి, కలయిక నరకమై, మూత్రంలో మంట వస్తుంటే దానికి ఈస్ట్రియాల్ క్రీము ఉంది. రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు మాత్రం ఆ డాక్టరును అడిగే ఇవ్వాలి. అది రాయడం కూడా మర్చిపోతున్నాం.

మేం అడుగుతున్నవి:

ఒకటి. ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో, ఏరియా ఆసుపత్రిలో వారానికి ఒక రోజు ఈ బాధలకే కేటాయించండి. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ మంగళవారం క్లినిక్కుల నమూనా ఉండనే ఉంది. కొత్త పథకం పేరు పెట్టక్కర్లేదు. ఆ రోజు పనిలో రింగ్, కండరాల వ్యాయామం, పీహెచ్ పరీక్ష చేర్చండి. ఆంధ్రప్రదేశ్‌లోనూ అలాంటి రోజు పెట్టండి.

రెండు. రెండు రాష్ట్రాల వైద్య సేవల సంస్థల కొనుగోలు జాబితాలో ఇవి చేర్చండి: సిలికాన్ రింగులు కనీసం ఐదు సైజుల్లో, పీహెచ్ కాగితాలు, పొటాషియం హైడ్రాక్సైడ్, నీటి జెల్లీ, ఈస్ట్రియాల్ క్రీము. రింగ్ వేసిన ప్రతి స్త్రీ పేరు రిజిస్టర్‌లో, తేదీల కార్డు ఆమె చేతిలో ఉండాలి.

మూడు. ప్రతి ఏరియా ఆసుపత్రి నుంచి ఒక స్టాఫ్ నర్సుకు, ఒక ఫిజియోథెరపిస్టుకు రింగ్ వేయడం, కండరం పరీక్షించడం చేతితో నేర్పండి. వీడియో క్లాసుతో రాదు.

నాలుగు. కాన్పు కేసు షీట్‌లో "మలద్వారం కండరం పరీక్షించాం: అవును, కాదు" అని ఒక గడి చేర్చండి. పొట్ట నొక్కడం పూర్తిగా ఆపించండి.

ఐదు. నలభై ఏళ్లలోపు స్త్రీకి గర్భసంచి తీసేముందు, ప్రాణాపాయం ఉన్నప్పుడు తప్ప, రెండో గైనకాలజిస్టు పరీక్షించి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అంతకుముందు ఏ వైద్యం ఎన్నాళ్లు చేశారో కేసు షీట్‌లో ఉండాలి. సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం ఉండాల్సిన జిల్లా పర్యవేక్షణ కమిటీలు ప్రైవేటు ఆసుపత్రులనూ కలిపి, నెలనెలా, ఎన్ని ఆపరేషన్లు, ఏ వయసులో, ఏ కారణానికి అన్న లెక్క బయటపెట్టాలి.

ఆరు. ఇది గైనకాలజిస్టులకు. ఆపరేషన్ ఎందుకో, అండాశయాలు ఉంచుతున్నారో తీస్తున్నారో, ఆపరేషన్ కాకుండా ఇంకేం చేయవచ్చో తెలుగులో ఒక పేజీ రాసి ఆమె చేతికివ్వండి. ఇంటికి తీసుకెళ్లి నలుగురికీ చూపించుకునే వ్యవధి ఇవ్వండి. సంతకం ఆ తర్వాతే.

ఈ ఆరింటిలో ఏవి, ఏ తేదీలోగా చేస్తారో, ఏవి చేయలేరో, ఎందుకు చేయలేరో అరవై రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయండి. రింగ్ వేయడం, వ్యాయామం నేర్పడం తెలిసినవాళ్లం సెలవు రోజుల్లో వచ్చి నేర్పడానికి సిద్ధంగా ఉన్నాం. ఏ జిల్లాలో, ఏ ఆసుపత్రిలో, ఎన్ని గంటలకు రమ్మంటారో చెప్పండి.

ఇట్లు,
కాన్పు గదుల్లో, స్త్రీల ఓపీల్లో, ఫిజియోథెరపీ విభాగాల్లో పనిచేసే ఆరోగ్య సిబ్బంది